ద్వాదశి ఉసిరికాయ

ఆ ద్వాదశి ఉదయం మా కోడలు చారులత ఉసిరికాయ తినలేదు. తిన్నట్టు నోరు మాత్రం ఆడించింది. నేను పూజగది గడప పక్కన కూర్చుని ఉన్నాను. కాయ ఆమె అరచేతిలోంచి పైటచెంగులోకి జారడం నా కంటబడింది.

"తిన్న్యావా అమ్మా?" అని నా భార్య రంగనాయకి అడిగింది.

"తింటి అత్తా," అంది చారులత పెదవులు తుడుచుకుంటూ.

పెరుమాళ్ పటం ముందర అబద్ధం! ఆ రోజు నుంచి ఆ పిల్ల చేతుల మీదే నా కళ్లు.

మాది కోయంబత్తూరులో పీళమేడు. ఏకాదశి నాడు ఇంట్లో పెద్దవాళ్లం ఉపవాసం ఉంటాం. మరునాడు పొద్దున్నే తులసి తీర్థం పుచ్చుకుని, ఒక ఉసిరికాయ కొరికి, అవిసాకు కూరతో అన్నం తింటేనే వ్రతం ముగిసినట్టు. కడుపుతో ఉన్నవాళ్లకు ఉపవాసం లేదు గాని ఉసిరికాయ మాత్రం అందరికీ ఉంది. మేము దాన్ని నెల్లికాయ అంటాం; మా తెలుగులో అరవం కలిసింది, 'కదా' అనడానికి కూడా 'తానే' అంటాం. కొండ నెల్లి బాగా దొరికేది తై, మాసి నెలల్లో, అంటే సంక్రాంతి తరువాతి రెండు నెలల్లో. ద్వాదశి మాత్రం నెలకు రెండుసార్లు వస్తుంది. అందుకని ఆనైకట్టి కొండల నుంచి ఒక బస్తా తెప్పించి, ఏడాదికి సరిపడా ఉప్పునీళ్లలో ఊరవేయడం మా అమ్మ కాలం నుంచీ మా ఇంటి పద్ధతి.

అమ్మ నాటి జాడీ నాలుగేళ్ల కిందట ఇంటికి సున్నం కొట్టించినప్పుడు పగిలిపోయింది. రంగనాయకి ఏడుపు ముఖం చూడలేక నేనే ఒక నీలం డ్రమ్ము తెచ్చాను. తోటలకు నీళ్లు పెట్టే మెత్తటి ట్యూబులు చేసే కంపెనీలో ఇరవై రెండేళ్లు ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి. డ్రమ్ము పైభాగం రంపంతో కోసి, అంచును ఆకురాయితో నునుపు చేసి, వేపచెక్కతో బిగుతైన మూత చేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మా వీధిలో ఇంకో నాలుగిళ్లవాళ్లు నా చేత అలాంటివే చేయించుకున్నారు.

ఇక నా అనుమానానికి కారణం చెప్పాలి. మా మనవడు మణికంఠన్‌కు రెండేళ్లు నిండబోతున్నాయి. వాడు పుట్టినప్పుడు ఒక వృషణం కిందికి దిగలేదు. ఏడాది దాకా చూసి, పద్నాలుగో నెలలో ఆపరేషన్ చేయించాం. చంటివాడికి మత్తు ఇచ్చి లోపలికి తీసుకుపోతుంటే వాడు నా బొటనవేలు పట్టుకుని వదల్లేదు. ఆ రోజు నేను అష్టాక్షరి తప్ప మరే మాటా పలకలేదు. ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు. పెద్దయ్యాక ఏమవుతుందో పెద్దయ్యాకే తెలుస్తుందని చెప్పారు.

కుట్లు చూపించడానికి పోయిన రోజు చారులత డాక్టరమ్మను అడిగింది, ఇలా ఎందుకు జరిగిందని. ఆమె మంచి మనిషి, తెలియనిదాన్ని తెలియదనే చెప్పింది. చాలా మంది పిల్లల్లో కారణం తెలియదంది. నెల తక్కువగా పుట్టినవాళ్లలో ఎక్కువంది. అయితే ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే కొన్ని రసాయనాల మీద కూడా అనుమానం ఉందంది. కడుపులో మగబిడ్డ అవయవాలు ఏర్పడేది మొదటి మూడు నాలుగు నెలల్లో, ఆ సమయంలో ఈ రసాయనాలు తల్లి ఒంట్లోకి ఎక్కువగా చేరితే అడ్డుపడవచ్చట. రంగనాయకి వెంటనే, "దానికి మందు లేదా?" అంది. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో ఉసిరి వంటి వాటిలో ఉండే సత్తువ ఆ చెడుపును కొంత తగ్గించినట్టు రాశారు, మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు అంది డాక్టరమ్మ. "గొడుగు మంచిదే. కాని ముందు వానలోకి పోకుండా ఉండండి," అని కూడా అంది.

రంగనాయకి చెవిలో పడింది ఉసిరి ఒక్కటే. "చూసినారా, మన పెద్దోళ్లు పిచ్చోళ్లా?" అని వీధంతా చెప్పుకుంది. నాకూ గర్వంగానే అనిపించింది.

ఇప్పుడు చారులతకు మళ్లీ నెల తప్పింది. మూడో నెల. ఆడో మగో ఎవరికీ తెలియదు, తెలుసుకోకూడదు కూడా. ఏ బిడ్డయినా సరే, ఈసారి ఏ లోపమూ లేకుండా రావాలి. అందుకే రంగనాయకి ద్వాదశి దాకా ఆగకుండా రోజుకు రెండు ఊరిన కాయలు కోడలి కంచంలో వేయసాగింది. ఆ కాయల్నే ఈ పిల్ల చెంగులో దాస్తోంది. ఎందుకు?

మొదట నేను అనుమానించింది ఆమె నాలుకను. బిడ్డ మేలు కన్నా నోటి రుచి ఎక్కువైపోయిందా అనుకున్నాను. ఆమె పుట్టిల్లు మదురై. వీధి చివర హోటల్ నుంచి వేడి సాంబారు ప్లాస్టిక్ కవరులో కట్టించుకుని వస్తే ఒకప్పుడు లొట్టలు వేసుకుంటూ తినేది. కాని గమనించి చూస్తే, ఇప్పుడు హోటల్‌కు మా కొడుకు ప్రభాకరన్ వెళ్లినా చేతికి స్టీలు క్యారియర్ ఇచ్చి పంపుతోంది. అటువంటి పిల్ల ఉసిరిని పారేయడం ఏమిటి?

మధ్యలో రంగనాయకి తమ్ముడు దొరైసామి ఒక పొడి డబ్బా పట్టుకుని వచ్చాడు. వాడు ఏడాదికొక సరుకు అమ్ముతాడు. నిరుడు మోకాళ్ల నూనె. ఈ ఏడు ఉసిరి పొడి.

"బావా, లోకమంతా ప్లాస్టిక్ విషం. దానికి నెల్లికాయ తానే కవచం. ఒక స్పూను పాలల్లో కలిపి తాగితే, మగబిడ్డల ఆ భాగానికి ఒక చెడుపూ రాదు," అన్నాడు.

"ఏ భాగానికిరా?"

"ఛీ, అక్క ముందర చెప్పేదా?"

నేను డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాను. "సరే, ఈ డబ్బా దేంతో చేసినారు?"

"ప్లాస్టిక్కే. అయితే ఇది మంచి ప్లాస్టిక్ బావా."

"ఎవురు చెప్పిరి?"

"డబ్బా మీదనే రాసిండాదే!"

"డబ్బా మీద డబ్బా చేసినోడు తానే రాస్తాడు?"

రంగనాయకి పక్కకు తిరిగి నవ్వుకుంది. దొరైసామి డబ్బా లాక్కుని, "నీకు సందేహం పుడితే పెరుమాళ్‌నే ఆధార్ కార్డు అడుగుతావు," అని లేచిపోయాడు. వాడి డబ్బాను పట్టుకున్నానని నాకు చాలా తృప్తి. ఆ తృప్తిని తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మరునాడు మణికంఠన్‌కు ఒళ్లు రుద్దడానికి కొబ్బరి నూనె కోసం అటక మీద చెయ్యి పెట్టాను. నూనె గిన్నె వెనకాల ఒక చిన్న స్టీలు డబ్బా తగిలింది, మూత మీద చారులత వాళ్ల అమ్మ పేరు చెక్కి ఉంది. అంతకు ముందు వారంలోనే చారులత బట్టలు ఉతికే బండ దగ్గర నిలబడి ఏదో నోట్లో వేసుకోవడం రెండుసార్లు చూసి ఉన్నాను. సున్నపు బెడ్డలా? మట్టా? కడుపుతో ఉన్నవాళ్లకు అలాంటి కోరికలు పుడతాయని మా అమ్మ చెప్పేది. కోడలి డబ్బా మామ తెరవడం మర్యాద కాదు. తెరిచాను.

నల్లగా, ముడతలు పడిన ముక్కలు. వాసన లేదు. ఒకటి నోట్లో వేసుకున్నాను. గట్టిగా, వగరుగా, తరువాత పుల్లగా నాలుక పట్టేసింది. చెంబెత్తి నాలుగు గుక్కల నీళ్లు తాగాను. నీళ్లు తియ్యగా ఉన్నాయి.

నీళ్లను అలా తీపి చేసే కాయ ఒక్కటే. ఎండబెట్టిన ఉసిరి!

అప్పుడు నా అనుమానం కోపమైంది. మా ఇంటి ఉసిరిని పారేసి, పుట్టింటి ఉసిరిని దాచుకుని తింటోంది. రంగనాయకి చేతి పని ఈ పిల్లకు అంత తక్కువైందా? ఆ సాయంత్రం రంగనాయకి గుడికి పోగానే, పెరట్లో బట్టలు తీస్తున్న చారులత దగ్గరికి పోయి డబ్బా చూపించాను.

"ఏమ్మా, మీ అమ్మ ఇంటి నెల్లికాయ తీపి, మా ఇంటిది చేదా?"

ఆమె చేతిలోని చిన్న చొక్కాను మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"తప్పుగా తీసుకోవద్దు మామా. ఒకటి అడుగుతా. ఆ డ్రమ్ములో ముందు ఏమి ఉండె?"

"నూనె."

"ఏమి నూనె?"

"కంపెనీ నూనె. ట్యూబు మెత్తనయ్యేదానికి ప్లాస్టిక్ పొడిలో పోసేది..."

నా మాట నాకే వినిపించింది. అక్కడితో ఆగిపోయాను. మేము ఎప్పుడూ దాన్ని నూనె అనే అనుకున్నాం. రంగు లేదు, వాసన లేదు. ఇరవై రెండేళ్లు చేతులతో ముట్టుకున్నాను. డాక్టరమ్మ ప్లాస్టిక్‌ను మెత్తబరచే రసాయనం అన్నప్పుడు నా మనసు సాంబారు కవర్ల దగ్గరికి పోయింది, దొరైసామి డబ్బా దగ్గరికి పోయింది. నేను కోసి నునుపు చేసిన డ్రమ్ము దగ్గరికి పోలేదు.

"డాక్టరమ్మ చెప్పింది అదే తానే మామా," అంది చారులత నెమ్మదిగా.

"శీకాయ పెట్టి కడిగినాం. వేడినీళ్లు పోసినాం. వారం దినాలు ఎండలో పెట్టినాం."

"పోయిండొచ్చు. పోకుండా ఉండొచ్చు. నాకు తెల్దు. తెల్దనే నాకు భయం. మణి కడుపులో ఉన్నప్పుడు వాంతులకు తాళలేక దినమూ ఆ కాయలే తింటి. ఉప్పునీళ్లు కూడా చేత్తో ముంచి నాకుతా ఉంటి."

ఆ సంగతి నాకు తెలుసు. అప్పుడు నేనే స్టూలు మీద గిన్నె పెట్టి, కాయలతో పాటు నీళ్లు కూడా పోసి ఇచ్చేవాణ్ణి.

"ఏల చెప్పలేదు నువ్వు?"

"ఎట్ల చెప్పేది మామా? పెరుమాళ్ పారణ కాయ. అత్త చేతి పని. మీరు చేసిన డ్రమ్ము. మణికి జరిగింది మీరే చేస్తిరి అని చెప్పినట్టు అవుతుందే."

నేను ఇంట్లోకి వచ్చేశాను. ఆమె చెప్పింది నిజమని కూడా నాకు నమ్మకం కలగలేదు. డ్రమ్ము మూత తీసి ముక్కు పెట్టాను. ఉప్పు, ఉసిరి, మెంతుల వాసన. లోపలి గోడను వేలితో రుద్దాను. జారుడుగా ఉంది. ఊరిన కాయల జారుడా, మరొకటా? ఎవరు చెప్పగలరు? రాత్రి భోజనాల దగ్గర, ఇప్పుడు అదే కంపెనీలో సూపర్‌వైజరుగా ఉన్న ప్రభాకరన్‌ను అడిగాను.

"ఒరే, ఆ నూనె డ్రమ్ము గోడలో దిగి ఉంటుందా?"

"ఊరంతా ఆ డ్రమ్ముల్లోనే నీళ్లు పట్టుకుంటారు నైనా. చారు నీకూ చెప్పిందా? చుమ్మా, ఉత్త భయం దానికి."

"నేను అడిగింది అది కాదు. దిగుతుందా?"

వాడు అన్నం కలుపుతూ ఆగాడు. "ట్యూబులోకి దిగేదానికే తానే మనం పోసేది. డ్రమ్ములోకి ఎంతో... చూసినోడు ఎవుడు?" ఆ తరువాత వాడు అన్నం సరిగా తినలేదు.

చారులతను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి నేనే పోయాను. డ్రమ్ము సంగతి ఏదీ దాచకుండా చెప్పాను. మణికంఠన్‌కు జరిగింది దాని వల్లనే అని తాను చెప్పలేను, దాని వల్ల కాదనీ చెప్పలేనందామె. ఆ కాయలు మాత్రం ఇక ఎవరూ ముట్టవద్దంది. వేరే ఉసిరిని తిండిగా తినండి, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు, పొడులూ గుళికలూ తనను అడగకుండా వేసుకోవద్దు అంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చారులత, "ఈ నెల రోజులు తినకుండా ఉంటి మామా. నెల తప్పిందని తెలియకముందు మాత్రం పోయిన ద్వాదశులకు రెండు తింటి," అంది.

రంగనాయకికి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది.

"పెరుమాళ్‌కు విషం పెట్టినానా నేను? మీ అమ్మ నా చేతికిచ్చిన పని ఇది. మదురై పిల్ల మీ చెవిలో ఊదింది, మీరు తల ఊపినారు," అని ఆమె అరిచింది. "నాలుగేండ్లుగా మనమూ తింటా ఉన్నామే, మనకేమయ్యింది?"

"మనము ఇంక పుట్టవలసినోళ్లమా?" అన్నాను.

ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. రెండు రోజులు నాతోనూ కోడలితోనూ మాట లేదు. మణికంఠన్‌ను మాత్రం ఒళ్లోంచి దించలేదు. వాడి లాగు తొడుగుతూ కుట్టు మచ్చ ఉన్న చోట వేలితో నిమరడం చూసి నేను పక్కకు తప్పుకున్నాను. ఆమె ఏమనుకుంటోందో తెలుస్తూనే ఉంది. నేనూ అదే అనుకుంటున్నాను.

ద్వాదశి వచ్చింది. తెల్లవారి స్నానం చేసి వచ్చేసరికి పెరుమాళ్ ముందర అరిటాకు మీద తులసి, అవిసాకు కూర, పక్కన ఎప్పటిలాగే చిన్న గిన్నె. గిన్నెలో ఊరిన కాయలే. డ్రమ్ములోవి. ప్రభాకరన్ నా ముఖం చూశాడు. చారులత కళ్లు దించుకుంది. ఆమె చెయ్యి అప్పుడే పైటచెంగు వైపు పోతోంది.

ఎనిమిదో తరగతి చదువు నాది. శాస్త్రమూ పూర్తిగా తెలియదు, డాక్టరు చదువూ తెలియదు. అయినా ఆ క్షణాన ఒకటి తోచింది. ఈ పిల్ల మళ్లీ దేవుడి ముందు అబద్ధం ఆడితే, ఆడించింది నేనే అవుతాను.

"స్వామీ, డ్రమ్ము తెచ్చింది నేను. కోసింది నేను. దాంట్లో ఏముండెనో తెలిసినోణ్ణీ నేనే. తప్పుంటే నాది. నీకు ఇన్ని దినాలు తెలీకుండా పెట్టిన రంగనాయకిది కాదు," అని బయటికే అన్నాను. గిన్నె తీసి పక్కన పెట్టాను. "అమ్మా చారూ, నీ డబ్బా తే."

ఆమె కదల్లేదు. అత్త వైపు చూసింది.

రంగనాయకి అరిటాకు మీద తులసి సర్దింది. కోడలి వైపు తిరగకుండానే, "కడగకుండా తేవద్దు. వేడినీళ్లలో వేసి తే," అంది.

నానిన ముక్కలు ఇత్తడి గిన్నెలో వచ్చాయి. నైవేద్యం అయ్యింది. ఒక్కొక్కరం ఒక్కొక్క ముక్క తీసుకున్నాం. ఈసారి చారులత దవడలు కదలడం, గొంతు మింగడం అన్నీ చూశాను. నాకు సిగ్గు అనిపించినా చూశాను. రంగనాయకి నమిలి, నీళ్లు తాగి, ఇంకొక గుక్క తాగింది.

"మీ అమ్మ ఎన్ని దినాలు ఎండబెట్టె?"

"పది దినాలు అత్తా. వెదురు చాట మీద, పైన తెల్ల పంచె కప్పి."

"పది చాలదు. కొంచెం మెత్తగుండాది. తై నెలలో మనం పద్నాలుగు పెడతాం," అంది రంగనాయకి. అవిసాకు కూర ముందు కోడలికే వడ్డించింది.

భోజనాలయ్యాక నేను డ్రమ్మును పెరట్లోకి దొర్లించాను. కాయలూ నీళ్లూ ఎక్కడ పోయాలన్నది మొదటి చిక్కు. మునగచెట్టు మొదట్లో పోస్తే ఆ ఆకు తినేది మేమే. చివరికి ఒక మూల గుంట తవ్వి పూడ్చాను. ఇంతలో దొరైసామి వచ్చాడు.

"అడే, మంచి డ్రమ్ము బావా! వద్దంటే నాకియ్యి. వాననీళ్లకు పెట్టుకుంటా. నా కోడలు కూడా..." అంటూ ఆగి నవ్వాడు. "ఇంకా ఎవురికీ చెప్పలేదు. రెండో నెల."

నేను లోపలికి పోయి డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చాను. వాడు చూస్తుండగానే అడుగున ఒకటి, పక్కన ఒకటి, మొత్తం పదిహేడు రంధ్రాలు వేశాను.

"పిచ్చి పట్టెనా నీకు?"

"కూర్చో, చెప్తా," అన్నాను. "చెప్పినంక నాతో రా. ఈ వీధిలో ఇంకా నాలుగిళ్లుండాయి."

మాట్లాడుతూండగానే మణికంఠన్ తప్పటడుగులు వేస్తూ వచ్చాడు. రంధ్రాల నుంచి రాలిన నీలం ప్లాస్టిక్ చుట్టలు వాడికి పూలలా కనిపించాయి కాబోలు, రెండు చేతులూ చాచాడు. నేను గబగబా అన్నిటినీ ఏరి పిడికిట్లో పట్టుకున్నాను. పొయ్యిలో వేస్తే పొగ. మట్టిలో వేస్తే మట్టి. చెత్తబండివాడికి ఇస్తే వాడు ఎక్కడ పోస్తాడు? పిడికిలి విప్పకుండా పెరట్లో అటూ ఇటూ నడిచాను. "తాతా, తా," అంటూ వాడు నా పంచె పట్టుకుని వెంటే తిరిగాడు.